ఎలుకకు తగ్గిందట!

"ఎలకలికి తగ్గిపోనాదట్రా. పేపర్లో రాసినారు. మనమేటి, ఎలకలకన్నా తీసిపోనామా?"

ఆరేళ్ళ క్రితం మా చిన్నాన్న ఫోనులో ఈ మాట అన్నప్పుడు నేను నవ్వాను. ఆయనతో వాదించడానికి అప్పుడు నాకు తీరిక లేదు. ఆ నవ్వు ఖరీదు ఏమిటో తర్వాత తెలిసింది. ఈ టపా రాయడానికి ఇన్నేళ్ళు పట్టిందంటే, కోపం చల్లారితే గాని సంగతి సరిగా చెప్పలేనని ఆగాను. చల్లారలేదు. ఇక రాసేస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం, కవిటి పక్కన ఒక పల్లె. చిన్నాన్నకు కాస్త కొబ్బరి తోట, కాస్త జీడి తోట, వాటితోపాటు పదిహేనేళ్ళ నాటి మధుమేహం ఉండేవి. పొద్దున్నా రాత్రీ సూది పొడుచుకునేవారు. ఉద్దానం అనగానే చదువరులకు మూత్రపిండాల జబ్బు గుర్తుకు వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దాని బారిన పడని వీధి అరుదు. అది చక్కెర జబ్బు వల్ల గాని రక్తపోటు వల్ల గాని వచ్చేది కాదు. ఎందరో పరీక్షించినా దాని మూలకారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కారణం తేలని చోట పుకార్లు తేలుతాయి. "ఇంగ్లీషు మందులు కిడ్నీలు తినేస్తాయి" అన్న మాట మా ఊళ్ళో గాలిలాంటిది, ఎవరూ ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. అలాంటి ఊళ్ళో ఒక ఉదయం ఒక దినపత్రిక వచ్చింది. "మధుమేహానికి చెక్!" అని శీర్షిక. ఒక ఆకు రసంతో క్లోమంలోని ఎంజైములు మళ్ళీ యథాస్థితికి వచ్చాయట, బీటా కణాలు చిగిర్చాయట. అది ఎలుకల మీద జరిగిన ప్రయోగమన్న సంగతి ఆఖరి వాక్యంలో ఉంది. అదే ఆకు పొడి అంటూ డబ్బాలు అమ్మేవాడు ఆ కత్తిరింపును అతికించుకుని వారం తిరక్కుండా ఊళ్ళోకి దిగాడు.

చిన్నాన్న ఇన్సులిన్ మానేశారు. ఏడు నెలలకు కాలికి ముల్లు గుచ్చుకుంది. నొప్పి తెలియలేదు. కుడికాలి బొటనవేలు, దాని పక్క వేలు తీసేయవలసి వచ్చింది.

డబ్బాలవాడి మీద నాకు పెద్ద కోపం లేదు. వాడి వృత్తి అది. నా తగవు ఆ శీర్షికతోనూ, ఆ శీర్షికకు ముడిసరుకు అందించిన పరిశోధనతోనూ, దాన్ని మన పాత రోజుల్లో టపాలుగానూ ఇప్పుడు వాట్సాపు సందేశాలుగానూ మోసుకు తిరిగే మనతోనూ. చిన్నాన్న అడిగిన ప్రశ్న అమాయకమైనది కాదు. ఎలుకకు తగ్గినది మనిషికి ఎందుకు తగ్గకూడదు? ఆనాడు నేను నవ్వకుండా చెప్పి ఉండవలసిన జవాబు ఇది.

ముందు మాట సంగతి. మన పత్రికల్లో చిట్టెలుకా ఎలుకే, పెద్ద ఎలుకా ఎలుకే. ఇంగ్లీషువాడికి పందికొక్కును అప్పిచ్చి "బాండికూట్" అనిపించిన భాష మనది. అటువంటి భాషలో రెండు వేరువేరు జంతువులకు ఒకే మాట వాడి సరిపెట్టుకోవడం బద్ధకం తప్ప మరేమీ కాదు. పైగా చిట్టెలుకల్లోనూ "మధుమేహపు చిట్టెలుక" అని ఒక్కటి లేదు. విషం పెట్టి చేసిన చిట్టెలుక వేరు, పుట్టుకతో జన్యులోపం ఉన్నది వేరు, కొవ్వు మేపి బలిపించినది వేరు, తన బీటా కణాలను తానే చంపుకునేది వేరు. ఇందులో ఏదో చెప్పకుండా "ఎలుకలలో నయమైంది" అనడం, ఏ జ్వరమో చెప్పకుండా "జ్వరం తగ్గింది" అనడం వంటిదే.

మన దేశంలో మొక్కల రసాల మీద వచ్చే పరిశోధనల్లో తరచుగా కనబడేవి విషం పెట్టి చేసిన ఎలుకలు, చిట్టెలుకలు. ఆ విషాలు ముఖ్యంగా రెండు: అలోక్సాన్, స్ట్రెప్టోజోటోసిన్. అలోక్సాన్ కథ చిత్రమైనది. 1943లో గ్లాస్గోలో డన్ బృందం వెదుకుతున్నది మూత్రపిండాల దెబ్బ గురించి. యుద్ధకాలంలో శిథిలాల కింద నలిగిన వారికి మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో తెలుసుకోవాలని కుందేళ్ళకు రకరకాల పదార్థాలు ఇచ్చి చూస్తుంటే, ఒకటి క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికలను తినేసింది. మూత్రపిండం కోసం బయలుదేరి మధుమేహం దగ్గర తేలారు. (ఉద్దానంవాడిగా ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన భావం చెప్పడం కష్టం.) ఆ పుటికలను 1869లో బెర్లిన్‌లో లాంగర్‌హాన్స్ అనే కుర్ర విద్యార్థి మొదట వర్ణించాడు. క్లోమంలో అక్కడక్కడ దీవుల్లా కనబడే కణాల గుంపులవి. ఇన్సులిన్ అన్న పేరుకు మూలమైన లాటిన్ మాటకు దీవి అనే అర్థం.

ఇక ఎంజైముల దగ్గరికి వద్దాం, శీర్షికలో మెరిసినవి అవే కాబట్టి.

పుటికలోని బీటా కణం రక్తంలో చక్కెర ఎంత ఉందో ఎలా పసిగడుతుంది? గ్లూకోకైనేజు అనే ఎంజైము ద్వారా. హిరమండలం దగ్గర వంశధార మీద గొట్టా బ్యారేజి చూసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. నీటిమట్టం ఒక గీత దాటాకే గేట్లెత్తుతారు. గ్లూకోకైనేజు ఆ గీతను చూసే మనిషి. శరీరంలో మరోచోట అదే పని చేసే హెక్సోకైనేజు అనే బంధువు ఉంది. అది పిల్లకాలువ వంటిది. చుక్క నీరు వచ్చినా నిండిపోతుంది, ఎక్కువ తక్కువల తేడా దానికి తెలియదు. గ్లూకోకైనేజు అలా కాదు, చక్కెర పెరిగే కొద్దీ వేగం పెంచుకుంటూ పోతుంది. మనిషి పుటిక డెసిలీటరుకు ఇంచుమించు 90 మిల్లీగ్రాముల దగ్గర మేలుకొంటుంది. చిట్టెలుక పుటిక అంతకంటే పై గీత దగ్గర మేలుకొంటుంది. గీతలే వేరైనప్పుడు, ఒకచోట గీత సరిదిద్దిన మందు మరోచోట అదే గీత దిద్దుతుందని ఎలా నమ్మాలి?

అలోక్సాన్ చేసేది ఏమిటంటే, చక్కెరలా వేషం వేసుకుని బీటా కణంలోకి దూరి, ఆ గ్లూకోకైనేజునే పడుకోబెడుతుంది, దానితోపాటు లోపల ఆమ్లజని సంబంధమైన నిప్పురవ్వలు రేపుతుంది. ఆ నిప్పు ఆర్పే కేటలేజు, గ్లుటాథయోన్ పెరాక్సిడేజు వంటి ఎంజైములు చిట్టెలుక పుటికల్లో కాలేయంతో పోలిస్తే అతి స్వల్పమని 1990లలో జర్మనీ పరిశోధకులు చూపారు. నిప్పార్పే బిందె లేని ఇల్లు కనుకనే తగలబడుతుంది. ఇప్పుడు మన ఆకు రసం పరిశోధన తీరు చూడండి. రసం ఇస్తారు, విషం ఇస్తారు, తర్వాత ఆ ఎంజైముల చురుకు కొలుస్తారు. రసం ఇచ్చిన వాటిలో కేటలేజు పెరిగింది, చక్కెర తగ్గింది, జయం! కానీ దాదాపు ప్రతి ఆకులోనూ ఆ నిప్పురవ్వలను కాస్తో కూస్తో ఆర్పే పదార్థాలు ఉంటాయి. ఆ రసం మధుమేహాన్ని తగ్గించలేదు, విషం పారకుండా అడ్డుపడింది. ఆ రెండింటికీ తేడా లేదంటే, గొడుగు వేసుకున్నవాడు తుఫానును ఆపాడని ఒప్పుకోవాలి. హుద్‌హుద్, తిత్లీ చూసిన జిల్లా వాళ్ళం, మాకు ఆ మాట చెప్పకండి.

స్ట్రెప్టోజోటోసిన్ సంగతి మరీ విడ్డూరం. అది చిట్టెలుక బీటా కణంలోకి గ్లూట్-2 అనే ద్వారం గుండా పోతుంది. మనిషి బీటా కణం మీద ఆ ద్వారం చాలా తక్కువ, అక్కడ ముఖ్యంగా ఉండేది గ్లూట్-1. కనుక చిట్టెలుక పుటికలను ఊడ్చిపెట్టే ఆ విషం మనిషి పుటికలను అంత సులువుగా కదిలించలేదు. ఇంకా చెప్పాలంటే అదే పదార్థాన్ని, పుటికల్లో పుట్టే కేన్సరుకు మందుగా 1982లో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతించింది. మనిషికి మందుగా ఎక్కించే దానితో చిట్టెలుకకు జబ్బు తెప్పించి, దాన్నుంచి చిట్టెలుకను కాపాడి, ఆ కాపాడిన ఆకును మళ్ళీ మనిషికి అమ్ముతున్నామన్నమాట.

"అన్నీ కొట్టిపారేస్తే ఎలా? ఆ ప్రయోగాలు అబద్ధమా?" అని అడుగుతారు. కావు. నాకు తెలిసినంతలో అన్నిటికంటే నిజాయితీగా నడిచిన కథ ఒకటి చెబుతాను, అది చివరికి ఎలా ముగిసిందో చూడండి.

స్ట్రెప్టోజోటోసిన్ బీటా కణం డీఎన్‌ఏను తెంపుతుంది. తెగిన దాన్ని అతకడానికి పార్ప్ అనే ఎంజైము విజృంభిస్తుంది. ఆ విజృంభణలో కణం తన శక్తి నిల్వలకు ఆధారమైన ఎన్‌ఏడీని మొత్తం ఖర్చు చేసుకుని చచ్చిపోతుంది. ఇల్లు బాగుచేయబోయి ఇల్లమ్ముకున్నట్లు. జపానులో ఒకమోటో బృందం 1980లలో ఈ వరసను విప్పి చూపింది. నికోటినమైడ్, అంటే బి-3 విటమిను రూపం ఒకటి, ఆ ఎంజైమును నిలువరిస్తుంది. దాన్ని ఇస్తే చిట్టెలుకలు బతికి బట్టకట్టాయి. విషం పెట్టినవే కాదు, తమ బీటా కణాలను తామే చంపుకునే జపాను జాతి చిట్టెలుకలకూ మేలు చేసింది. 1999లో ఆ ఎంజైము జన్యువే లేని చిట్టెలుకలను తయారుచేసి చూస్తే, స్ట్రెప్టోజోటోసిన్ వాటికి మధుమేహం తేలేకపోయింది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? ఎంజైము తెలుసు, దారి తెలుసు, మందు చవక, హానీ పెద్దగా లేదు.

అప్పుడు వాళ్ళు ఏం చేశారు? డబ్బాల్లో పోసి అమ్మలేదు. యూరోపు, ఉత్తర అమెరికాల్లో బాల్య మధుమేహం ఉన్నవారి రక్తసంబంధీకుల్లో, జబ్బు రాబోయే సూచనలు రక్తంలో కనబడిన 552 మందిని ఎంచుకున్నారు. సగం మందికి నికోటినమైడ్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్ళిందో ఎవరికీ తెలియదు. అయిదేళ్ళు ఆగారు. 2004లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. మొత్తం 159 మందికి మధుమేహం వచ్చింది. వారిలో అసలు మందు మింగినవారు 82, ఉత్తుత్తి మాత్ర మింగినవారు 77.

ఆ రెండు సంఖ్యలను నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఏళ్ళకు పైబడిన తెలివైన పని, ఒక ఎంజైము మీద పెట్టుకున్న ఆశ, వందల చిట్టెలుకలు. చివరికి 82, 77. దాన్ని దాచకుండా అచ్చేశారు. నాకు విజ్ఞానం మీద గౌరవం ఉన్నది ఇందుకే, మన పత్రికల మీద లేనిదీ ఇందుకే. చిట్టెలుకలు బాగుపడిన వార్తకు శీర్షిక దొరుకుతుంది. 82, 77లకు దొరకదు.

2013లో బీటాట్రోఫిన్ అనే హార్మోనుతో చిట్టెలుకల బీటా కణాలు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయని హార్వర్డ్ నుంచి వచ్చింది, ప్రపంచమంతా మోత మోగింది. ఇతరులు చేస్తే ఫలితం నిలవలేదు, ఆ పత్రాన్ని రాసినవారే 2016లో ఉపసంహరించుకున్నారు. ఆ ఉపసంహరణ ఏ తెలుగు దినపత్రికలోనైనా చదివినవారుంటే దయచేసి చెప్పండి, నెనర్లు సమర్పించుకుంటాను.

ఇక్కడ రెండో పక్షాన్ని కూడా పలకరించాలి. "చిట్టెలుకల పరిశోధనే దండగ" అనే హేతువాద మిత్రులు కొందరున్నారు. వారితోనూ నాకు పేచీయే. 1992లో గ్లూకోకైనేజు జన్యువులో లోపం వల్ల వచ్చే కుటుంబ మధుమేహాన్ని ఫ్రెంచి కుటుంబాల్లో కనిపెట్టారు. కొద్దికాలానికే ఆ జన్యువు ఒక ప్రతి తీసేసిన చిట్టెలుకలను చేస్తే, వాటికీ మనుషులలాగే పుట్టుక నుంచి కాస్త పైన నిలిచే చక్కెర వచ్చింది. అక్కడ చిట్టెలుక మనిషికి అద్దం పట్టింది. అదే ఎంజైమును ఉత్తేజపరిచే మందును 2003లో రోష్ సంస్థ శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ప్రకటించారు. చిట్టెలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ కుటుంబపు మందులు ఒకదాని వెనుక ఒకటి దెబ్బతిన్నాయి. కొన్నిటికి మొదటి నెలల్లో ఉన్న పస తర్వాత లేదు. చివరికి డోర్జాగ్లియాటిన్ అన్నది 2022లో చైనాలో అనుమతి పొందింది. చిట్టెలుక నుంచి మాత్ర దాకా 19 ఏళ్ళు, అదీ గెలిచిన గుర్రానికి. మా ఊళ్ళో డబ్బాలవాడికి వారం చాలింది.

అంతెందుకు, చిట్టెలుక నుంచి చిట్టెలుకకే చెల్లదు. అమెరికాలో జాక్సన్ ప్రయోగశాలలో 1966లో వర్ణించిన డీబీ అనే జన్యులోపం ఉంది. అదే లోపం ఒక వంశపు చిట్టెలుకలో ఉంటే బీటా కణాలు కుప్పకూలి తీవ్రమైన మధుమేహంతో చస్తుంది. మరో వంశపు చిట్టెలుకలో ఉంటే పుటికలు ఉబ్బి, కావలసినంత ఇన్సులిన్ పోసి, నెట్టుకొస్తుంది. ఒకే లోపం, దాయాదుల మధ్యనే ఇంత తేడా. ఇక కవిటి రైతు ఏ వంశం కింద వస్తాడు?

ఎదురయ్యే ఆరోపణ నాకు తెలుసు: "నీకు మన వైద్యమంటే చులకన." కాదు. మెట్‌ఫార్మిన్ పుట్టుక వెనుక ఉన్నది గలీగా అనే మొక్క. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ దాన్ని మనుషుల్లో పరీక్షించి ప్రకటించాడు. ఇవాళ చిన్నాన్న సంచీలో ఆ మాత్ర ఉంటే ఆకుకు అన్యాయం జరిగినట్టా? పొడపత్రినే తీసుకోండి. 1990లో మద్రాసు విశ్వవిద్యాలయంలో షణ్ముగసుందరం బృందం ఇన్సులిన్ మీద ఉన్న 27 మందికి దాని సారం ఇచ్చి, ఇన్సులిన్ అవసరం తగ్గిందని రాసింది. చిన్న ప్రయత్నం, చీటీలు వేసి పంచిన పరీక్ష కాదు, అయినా గౌరవించదగినదే. కానీ గమనించండి, వారు ఇన్సులిన్ ఇస్తూనే సారం ఇచ్చారు. మానిపించి ఇవ్వలేదు. డబ్బా మీద అతికించే కత్తిరింపుల్లో ఈ ముక్క ఎన్నడూ ఉండదు. ఆ 27 మంది తర్వాత వేలమందితో చీటీలు వేసిన పరీక్ష జరిపించమని దీక్ష చేసినవారెవరూ నాకు కనబడలేదు. మన మొక్క మీద నిజమైన ప్రేమ ఉన్నవాడు అడగవలసింది అదే కదా. దానికి బదులు ఏటేటా మరో ఆకు, మరో అలోక్సాన్, అవే ఎంజైములు, మరో పట్టా.

మనవాళ్ళకు చేతకాదని నేననను. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థలో, వారి ఎలుకల సంతతిలో విపరీతంగా లావెక్కుతున్నవి కనబడితే వదిలేయకుండా, పెంచి, వంశం నిలబెట్టి, 1996లో గిరిధరన్ బృందం ప్రకటించింది. అవి విషం పెట్టినవి కావు, మన గడ్డ మీద దానంతటదే వచ్చిన లోపం. ఓపికగా చూసే కళ్ళుంటే దొరికే సొమ్ము అది. వారు దాన్ని మందు అనలేదు, నమూనా అన్నారు.

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది, 1997లో కారా మాస్టారు నెలకొల్పినది. ఒక కథ ఎప్పుడు, ఏ పత్రికలో, ఏ సంచికలో తొలిసారి వచ్చిందో వెదకడం అక్కడి పద్ధతి. కల్పిత కథకే అంత శ్రద్ధ చూపే ఊరు మాది. మనిషి ప్రాణంతో ముడిపడిన వార్తకు అందులో పదోవంతు శ్రద్ధ కోరడం అత్యాశ కాదు. "ఎలుకలలో" అన్న మాట ఆఖరి వాక్యంలో కాదు, శీర్షికలో ఉండాలి. ఏ ఎలుకో, జబ్బు ఎలా తెప్పించారో రెండో వాక్యంలో ఉండాలి. మనుషులకు ఇచ్చి చూశారా లేదా అన్నది మూడో వాక్యం. ఈ మూడూ లేని దాన్ని ముందుకు పంపేవాళ్ళు, వారు నా ఆప్తమిత్రులే అయినా సరే, ఆ డబ్బాలవాడి సంచీ మోస్తున్నారని నేను అంటాను. 2023లో వెలువడిన జాతీయ సర్వే లెక్కన మన దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైనే. ప్రతి శీర్షికకూ అంతమంది గిరాకీ ఉన్నారు.

మొన్న సంక్రాంతికి వెళ్ళాను. చిన్నాన్న కుడికాలికి ప్రత్యేకం కుట్టించిన చెప్పు వేసుకుని తోటలో కాయలు లెక్కపెట్టిస్తున్నారు. సూది మళ్ళీ మొదలుపెట్టి చాలాకాలమైంది. పిన్ని జీడిపప్పు పొట్లం కట్టబోతున్న పేపరులో మరో ఆకు, మరో "చెక్" కనబడితే నేను చదివి వినిపించాను. ఆయన లెక్క ఆపి, తల తిప్పకుండానే అడిగారు:

"ఏ ఎలకట్రా? మందెట్టి సేసిందా, పుట్టుకతోటి వచ్చిందా?"